తవిటమ్మ మడికి ఒక్క తడి

తుంగపేట,
పాతపట్నం తాలూకా,
20-9-1967.

వెంకటరావు బావకి జగన్నాధం రాస్తున్నది.

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టాలి. మనుషుల వరకూ క్షేమమే. చెల్లి తవిటమ్మ, మేనకోడలు పద్మకుమారి కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాట్లేసి ఉభాలు పూర్తయిన వారం ఒక్క వాన పడింది. అంతే. ఆ తర్వాత మబ్బు పట్టడం, మా మొహాలు చూసి పోవడం. చెరువులో గేదెలు పడుకుంటే వీపులు మునగడం లేదు. వరి ఇంకా పొట్టకు రావాలి, ఈనాలి, పాలు పోసుకోవాలి. ఉన్న నీళ్ళు అందరికీ పంచితే ఎవరికీ చాలవని గట్టుమీద కూర్చున్న కాకిని అడిగినా చెబుతుంది.

నీళ్ళు లేనందుకంటే మీటింగులు ఉన్నందుకు నాకు ఎక్కువ విసుగ్గా ఉంది. నన్ను చెరువు కమిటీకి పెద్దని చేసిన సంగతి నీకు తెలుసు కదా. రోజూ పొద్దు వాలగానే రామమందిరం అరుగుమీద చేరతాం. మన అప్పలస్వామి తాత ముందు మాట్లాడతాడు. ఆయన మాట్లాడాక ఇంకొకరు నోరెత్తడం మన ఊళ్ళో ఎంత అమర్యాదో నీకు చెప్పక్కర్లేదు. ఆయన "వొంతులేసుకోండర్రా. ఎగువోళ్ళకి ఒక దినం, దిగువోళ్ళకి ఒక దినం" అన్నాడు. అందరూ "అలాగే తాతా" అన్నారు. తెల్లారేసరికి కాలవ గట్లు తెగి ఉన్నాయి. చెరువు తూము కాడ, అదే మదుము దగ్గర, కాపలా ఉండి నీళ్ళు వదిలే సోములుని కేకలేశాను. "నానేటి సేతును? తెంపినోళ్ళంతా నిన్న అలాగే అన్నోళ్ళే" అన్నాడు.

మొన్న చినబాబూ అసిరమ్మా పారలెత్తారు. చినబాబు మళ్ళు మదుము నోటి దగ్గరే ఉన్నాయి. అసిరమ్మ మడి బండిదారికి దిగువన, మన తవిటి మడిని ఆనుకుని ఉంటుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. ఇద్దరినీ విడదియ్యడానికి వెళ్ళి నేనే బురదలో పడ్డాను. ఆ కాసేపూ ఇద్దరూ కలిసి నవ్వారు, అదొక్కటే ఈ నెలలో జరిగిన మంచి.

మీ పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన తవిటి మడిని నా మడిలాగే చూస్తున్నాను. ప్రస్తుతం పచ్చగానే ఉంది. నువ్వు హైస్కూల్లో సోషల్ మాస్టారువి, పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం నీ వృత్తి. ఏదైనా ఉపాయం చెప్పు బావా. నేను అలిసిపోయాను.

జగన్నాధం.


విజయనగరం,
26-9-1967.

ప్రియమైన జగన్నాధం బావకి,

నువ్వు బురదలో పడ్డావన్న చోట నవ్వాను. దానికి మీ చెల్లి చేత చివాట్లు తిన్నాను. "ఆకడ పంట ఎండిపోతంటే ఈ పళ్ళికిలింపేటి?" అంది. ఆవిడ విజయనగరం వచ్చి ఇన్నేళ్ళయినా ఆవిడ నాలుక ఇంకా తుంగపేటలోనే ఉంది.

బావా, మీరు చేస్తున్నది సభ కాదు, భజన. ఒకాయన పాడతాడు, మిగిలినవాళ్ళు తాళం వేస్తారు. భజనలో దేవుడు దిగివస్తాడేమో గాని ఆలోచన దిగిరాదు. వేసవిలో మా మాస్టర్లకి శిక్షణ తరగతులు పెట్టారని రాశాను కదా. అందులో ఒక పూట సమష్టి చర్చ గురించి చెప్పారు. ఒక బుర్రకి తట్టనిది పది బుర్రలు కలిస్తే తడుతుంది. కాని దానికి ఒక క్రమం ఉంది. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. వరసగా ఒక్కొక్కరూ తమకు తోచింది చెప్పాలి. అది ఎంత వెర్రి మాటైనా, ఎవరూ కాదనకూడదు, నవ్వకూడదు. మొదట పోగుచెయ్యాలి, ఆ తర్వాతే ఏరాలి. నూర్చకుండా ఎవరైనా చెరుగుతారా? అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళు ఆఖరున మాట్లాడాలి.

ఇది నేను మా తరగతిలో చేసి చూశాను. బడి గోడలనిండా బొగ్గు రాతలు. ఏం చేద్దామని పిల్లల్ని అడిగితే ఒకడు "గోడలు కూలగొట్టేద్దాం సార్" అన్నాడు. బెత్తం మీదికి వెళ్ళిన చేతిని ఆపుకున్నాను. వాడి మాట పట్టుకుని ఇంకొకడు, రాసుకోవడానికే ఒక గోడ ఇచ్చేస్తే మిగిలినవి బాగుంటాయన్నాడు. ఇచ్చాం. బాగున్నాయి. చూశావా, మంచి ఆలోచన తరచుగా ఒక చెత్త ఆలోచన భుజమెక్కి వస్తుంది.

అప్పలస్వామి తాతని ఆఖరున మాట్లాడించు. అంతే, మీ తుంగపేట బాగుపడుతుంది.

నీ
వెంకటరావు.


తుంగపేట,
4-10-1967.

వెంకటరావు బావకి,

నీ పద్ధతి ప్రయోగించాను. ఫలితం విని నువ్వు నవ్వుకో, చెల్లికి మాత్రం వినబడకుండా నవ్వు.

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాను. గుండ్రంగా కూర్చుంటే ఎవరో ఒకరు దేవుడికి వీపు పెట్టాలి, దానికి ఎవరూ ఒప్పుకోలేదు. సరే, అరటిపండు వంపులో కూర్చోమన్నాను. అప్పలస్వామి తాతని ముందే కలిసి, "తాతా, ఈవేళ నువ్వు ఆఖరున మాట్లాడాలి" అని చేతులు పట్టుకుని చెప్పాను. "అలాగేరా" అని, మూతి బిగించుకుని కూర్చున్నాడు.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి అన్నాను. ఎవరూ చెప్పలేదు. తాత నోరు విప్పకుండా మనమెలా విప్పుతామని వాళ్ళు. వాళ్ళు విప్పాక విప్పుదామని ఆయన. అసిరమ్మ గోడవారగా నిలబడి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. ఆ చుట్ట మొత్తం అయిపోయింది, ఒక్క మాట పుట్టలేదు. చివరికి గంగులు లేచి "ఇంక ఎల్తాం బాబూ, పసువుల్ని కట్టాల" అన్నాడు. అందరూ లేచిపోయారు.

ఇంతటితో అయితే బాగుండేది. తాత మాట్లాడలేదంటే మన మీద కోపమొచ్చిందని ఊరంతా అనుకుంది. మర్నాడు పొద్దున్నే ఒకరి వెనక ఒకరు ఆయన ఇంటికి వెళ్ళి, ఎవరేం తప్పు చేశారో తెలియకుండానే "తప్పైపోనాది తాతా" అని వచ్చారు. ఆయనకేమో తననెవరూ మాట్లాడమనలేదని నిజంగానే కోపం ఉంది. దాంతో అందరి తప్పులూ కాసినట్టు తలూపాడట. ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు.

చెరువు మరో జానెడు తగ్గింది. నీ శిక్షణవాళ్ళు ఎప్పుడైనా ఒక ఊళ్ళో కూర్చున్నారా బావా?

జగన్నాధం.


విజయనగరం,
10-10-1967.

జగన్నాధం బావకి,

నీ ఉత్తరం తవిటమ్మకి చదివి వినిపించాను. నేను నీకు ఇంకా రెండు పద్ధతులు రాద్దామని కాగితం తీశాను. ఒకటి చిన్న చిన్న జట్లు చెయ్యడం, ఇంకొకటి అందరిలోకి చిన్నవాడి చేత మొదలుపెట్టించడం. అవి రాస్తుండగానే ఆవిడ బియ్యం చేట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ అన్నది అన్నట్టుగా రాస్తున్నాను, భాష నాది కాదు:

"అరుగు మీద కూకోబెడితే ఎవలు మాటాడతారు? ఒకల మొకం ఒకలు సూసుకుంటా ఉంటే మాట ఎలా వస్తాది? ఉభాలప్పుడు సూడు. అందరం వంగి నాట్లేస్తాం. మొకాలు నేలకేసి ఉంతాయి. అత్త మీద, మొగుడి మీద, బూమున్న బుగత మీద, అన్నీ అనేసుకుంతాం. ఎవలన్నారో ఎవలికీ పట్టదు. మా అన్నని మీటింగు ఒగ్గేసి అందరిచేతా ఏదో పని సేయించమను."

శిక్షణ తరగతుల్లో ఇలాంటిది చెప్పలేదు. కాని చెప్పినవాటితో నీకు జరిగింది చూశాక వాదించే ముఖం నాకు లేదు. ఒకసారి చేసి చూడు.

పద్మకుమారికి పరీక్షలు. మిగతా అంతా మామూలే. ఇక్కడ బియ్యం దొరకడం గగనమైపోతోంది. తవిటమ్మ మడి గింజలు వస్తే సంక్రాంతి నుంచి మాకు తిండికి లోటుండదు, ఈ ఏడు దాని మీదే ఆశ.

వెంకటరావు.


తుంగపేట,
20-10-1967.

బావా,

చాలా రోజుల తర్వాత నీకు సంతోషంగా రాస్తున్నాను. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది, అయినా సంతోషంగానే ఉంది.

సోములు చేత చాటింపు వేయించాను. ఇంటికొకరు చొప్పున పారో తట్టో పట్టుకుని పంటకాలవ పూడిక తియ్యడానికి రావాలి అని. మీటింగు అన్న మాటే ఎత్తలేదు. మగవాళ్ళం కాలవలో వరసగా వంగి తవ్వుతున్నాం, ఆడవాళ్ళు తట్టలు మోస్తున్నారు. తాత గట్టుమీద గొడుగేసుకుని కూర్చున్నాడు. కొంతసేపు పారల చప్పుడే. తర్వాత ఒకడు దగ్గాడు. ఆ తర్వాత చినబాబు తల ఎత్తకుండానే అన్నాడు:

"ఎంత తవ్వితే ఏటి లాభం? ఈ నీళ్ళు ఊరంతా పంచితే ఊరంతా ఎండుతాది."

వెనకనుంచి అసిరమ్మ అందుకుంది. "అయితే నా మడి ఎండగట్టేసి నీ మడి పండించుకోరా. పండినాక నాకు సగం ఎట్టు."

అది వెటకారం. అందరూ నవ్వారు. చినబాబు ఏదో తిట్టబోయాడు. ఇంతలో గంగులు, "ఎడితే?" అన్నాడు.

"ఏటెడితే?"

"అదే, నిజంగానే ఎడితే?"

పారలు ఆగలేదు. ఎవరో "ఎంత మేరకి తడుస్తాది?" అన్నారు. సోములు "బండిదారి ఎగువన వొరకే అయితే కోత దాకా లాగించీగలం" అన్నాడు. "మరి దిగువోళ్ళ గతేటి?" "పండిన పంటంతా ఒకే కళ్ళంలో ఎయ్యాల. ఎవలింటికాడ ఆలు కుప్పేసుకుంటే నమ్మకం ఉండదు." "మడి తడిసినా ఎండినా, ఎవలికెంత బూమి ఉంటే అంత వాటా." "ఎండిన మళ్ళలో ఉలవలు సల్లుకోవచ్చు." "ముందు వరి పచ్చిగా ఉన్నప్పుడే కోసి పసువులకెయ్యాల." ఎవరు ఏది అన్నారో నాకు సగం తెలియదు బావా. నాకు కనిపించినవి వీపులే. ఒకడి మాట చివర పట్టుకుని ఇంకొకడు నడిపించాడు. అందులో నా మాట ఒక్కటీ లేదు.

గట్టుమీంచి తాత కేకేశాడు. "ఆ మాట ఎవడన్నాడ్రా?"

మళ్ళీ నోళ్ళు పడిపోతాయనుకున్నాను. గంగులు వంగే "కాలవన్నాది తాతా" అన్నాడు. తాత నవ్వాడు. ఆయన మడి ముక్క కూడా బండిదారి కిందే ఉంది. చాలాసేపు గొడుగు కాడ తిప్పుతూ కూర్చుని, "సరే కానీయండి. కళ్ళం కాడ కొలత మాత్రం నాను సూస్తాను" అన్నాడు. నాతో కూడా మాట్లాడాడు, మంచినీళ్ళు తెమ్మని.

ఈ మూడు రోజుల్లో ఒక్క గట్టు తెగలేదు. దీనికి మొదట నీకు, తర్వాత చెల్లికి, లేకపోతే ముందు చెల్లికి దణ్ణం పెట్టాలి. తవిటి మడి సంగతి విడిగా రాస్తాను. చేతులు బొబ్బలెక్కి కలం నిలవడం లేదు.

జగన్నాధం.


విజయనగరం,
29-10-1967.

జగన్నాధానికి,

విడిగా రాస్తానన్న ఉత్తరం కోసం ఎదురుచూశాను. రాలేదు. మీ ఊరి కొండబాబు ఎడ్లు కొనడానికి ఇటు వచ్చి మా ఇంటికి కూడా వచ్చాడు. అప్పటికి తవిటమ్మ పద్మకుమారిని తీసుకుని బజారుకి వెళ్ళి ఉంది. అతని ద్వారా నాకు తెలిసింది, మా మడికి నీళ్ళు ఆపేశారని.

నేను ఆనాడే గ్రహించవలసింది. బండిదారి ఎగువకే నీళ్ళని నువ్వు రాశావు. మడి బండిదారికి దిగువన ఉందని నాకు తెలుసు. కాని నువ్వు ఉన్నావన్న ధైర్యంతో ఆ రెండు మాటల్నీ కలిపి చదువుకోలేదు. పొట్టమీద ఉన్న పైరుని ఎండగట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? నీ మడి మదుముకి దగ్గర. అది పండుతుంది. చెల్లి మడి ఎండుతుంది. దీనికి ఊరంతా కలిసి ఆలోచించారని పేరు!

వాటా ఇస్తారంటావు. కళ్ళం దగ్గర మాట నిలబడటం మీ ఊళ్ళో నువ్వెప్పుడైనా చూశావా? నాలుగు గింజలు చేతికొచ్చేసరికి ఎవడి ధర్మం వాడికి గుర్తొస్తుంది. నేను జీతగాణ్ణి, అక్కడ నిలబడి కొలిపించుకోలేను. ఒకవేళ ఇచ్చినా, సొంత మడి ఉండగా ఊరివాళ్ళ పంటలో చెయ్యి చాపినట్టుంటుంది.

చర్చలూ గిర్చలూ ఊరివాళ్ళతో. మనం బంధువులం. ఆ మడికి ఒక్క తడి పెడితే గట్టెక్కుతుంది. నువ్వు కమిటీ పెద్దవి, ఒక్క మాట అంటే కాదనేవాడు లేడు. ఒక్క తడి, అంతే అడుగుతున్నాను. పెట్టకపోతే తవిటమ్మ మళ్ళీ మీ గుమ్మం తొక్కదు. ఇది ఆమె మాటగానే తీసుకో.

వెంకటరావు.


తుంగపేట,
8-11-1967.

వెంకటరావు బావకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

విడిగా రాస్తానని రాయకపోవడం నా పిరికితనం. నువ్వు అన్నదాంట్లో చాలా నిజముంది. నా మడి ఎగువనే ఉంది. వాటా వస్తుందన్న నమ్మకం నాకు ఉంది గాని దాన్ని నీకు పార్సెల్ కట్టి పంపలేను. నీ ఇంట్లో బియ్యానికి కటకట అని తెలిసీ నేను ఊరుకోలేను. అందుకే అడిగాను.

మళ్ళీ అరుగుమీదే అడిగాను, కాలవ పని అయిపోయింది కనక. "నా చెల్లి మడికి ఒక్క తడి కావాలి" అన్నాను. ఎవరైనా కాదంటారని, దెబ్బలాడతారని, నేను బతిమాలాలని అనుకుని వెళ్ళాను. అందరూ ఒక్కసారే తలూపారు. "అలాగే బాబూ" అన్నారు. తాత మొహానే "కాలవన్నాది" అన్న గంగులు తల దించుకుని "అలాగే" అన్నాడు. అసిరమ్మ నన్ను పుట్టినప్పటినుంచీ ఎరుగును. ఊళ్ళో నన్ను "ఒరే జగ్గా" అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, "తవరి సిత్తం బాబూ" అంది.

ఆ తలూపుడు నాకు తెలుసు బావా. అప్పలస్వామి తాత ముందు నేనూ చిన్నప్పటినుంచి అదే తలూపాను. ఇప్పుడు తాత స్థానంలో నేను ఉన్నాను, అంతే. వాళ్ళు ఒప్పుకున్నందుకు నాకు భయం వేసినంతగా కాదంటే వేసేది కాదు.

మర్నాడు మదుము దగ్గరికి వెళ్ళాను. సోములు పార పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తవిటి మడికీ అసిరమ్మ మడికీ మధ్య గట్టు అడుగు వెడల్పు ఉండదు. ఇటు తడిపితే, అటు తన మడి ఎండుతుంటే అసిరమ్మ చూస్తూ ఉండాలి. మరి ఆమె మర్నాడు ఆ గట్టు తెంపదా? ఆమె తెంపితే చినబాబు ఊరుకుంటాడా? సోములు "ఒగ్గీమంటావా?" అన్నాడు. "వద్దు" అన్నాను. ఆ వద్దు అనడానికి నాకు ఎవరి చర్చా సాయం రాలేదు. ఒక్కణ్ణే అన్నాను.

నేను నీళ్ళు పెట్టలేదు బావా.

ఆకులు చుట్టుకుపోయి, వెన్ను పొట్టలోనే ఉండిపోయింది. పచ్చగా ఉన్నంత మేరా కోయించి పశువులకి వేయించాను. కోస్తున్నప్పుడు అక్కడ ఉండాలని వెళ్ళాను, ఉండలేకపోయాను. అసిరమ్మ కూడా తన మడి అదే రోజు కోసుకుంది. వెళ్తూ వెళ్తూ "ఒరే జగ్గా, ఇంటికెల్లి తొంగోరా" అంది. నాకు ఏడుపొచ్చింది.

చెల్లి గుమ్మం తొక్కనంటే ఆ మాట నేను పడతాను. కోపం నీదైనా ఆమెదైనా ఒక్కటే, రెండూ నాకు తగినవే.

జగన్నాధం.


తుంగపేట,
2-12-1967.

వెంకటరావు బావకి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోస్టు జవాను వచ్చినప్పుడల్లా లేచి నిలబడడం, కూర్చోవడం అలవాటైపోయింది.

బండిదారి ఎగువన పంట బాగానే పండింది. కోతలయ్యాయి. ఎన్నడూ లేనిది, ఊరి పంటంతా ఒకే కళ్ళంలో ఒకే కుప్పగా వేశాం. ఇంతవరకూ అందరూ మాటమీదే ఉన్నారు. అయితే చినబాబు రోజూ వచ్చి ఆ కుప్ప చుట్టూ తిరిగి, తన పనలు ఎటువైపు ఉన్నాయో చూసుకుని వెళ్తున్నాడు. నూర్పు అయ్యాక ఏమంటాడో తెలియదు. ఎండిన మళ్ళవాళ్ళు కళ్ళానికి దూరంగా నిలబడుతున్నారు. ఇవ్వబోయేవాడికి బెరుకు లేదు, పుచ్చుకునేవాడికి ఉంది. నువ్వు అన్న చెయ్యి చాపడం ఇదేనని నాకు అర్థమైంది.

వచ్చే వారం నూర్పు. తవిటి వాటా బస్తాలకెత్తించి ఆమదాలవలసలో రైలుకి వేయిస్తాను. విడిపించుకుంటావో తిప్పి పంపేస్తావో అది నీ ఇష్టం. చెల్లి ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

జగన్నాధం.


ఇజీనారం,
7-12-1967.

అన్నకి,

తవిటమ్మని రాయిస్తన్నాను. మీ బావ చేత రాయిస్తే నా మాటలు దిద్దేస్తాడని గుంట చేత రాయిస్తన్నాను. పద్మకుమారీ, నాను ఏటి సెప్తే అదే రాయి, నీ బడి మాటలు ఎట్టకు.

నీళ్ళెట్టలేదని నువ్వు రాసిన ఉత్తరం వచ్చినాక మీ బావ ఎవలితోనీ మాటాడలేదు. బడికెల్లడం, రావడం, గోడకేసి తొంగోడం. నిన్న నీ కళ్ళం ఉత్తరం వచ్చినాది. అప్పుడు అన్నీ తీసుకొచ్చి నా ముందు కూకుని, మొదటికాడ్నుంచి సదివి ఇనిపించినాడు. తను రాసినవి కూడా నోటితో సెప్పినాడు. సెప్తన్నప్పుడు నా మొకం సూడలేదు. అంతవొరకూ నాను మడి పచ్చగా ఉన్నాదనే అనుకుంటన్నాను. పక్కింటోళ్ళకి సెప్పినాను కూడా, ఈ యేడు మా బియ్యం మాకే వస్తాయి అని.

అన్నా, ఊరందర్నీ అడిగినావు. చినబాబుని అడిగినావు, గంగుల్ని అడిగినావు, తాత ఒప్పుకున్నాడో నేదో సూసినావు. మీ బావయితే నీకు పాఠమే సెప్పినాడు, అందరి నోటా మాట రావాల అని. మడి నాది. నన్నెవలడిగినారు?

గుమ్మం తొక్కనని నానెప్పుడన్నాను? ఆ మాట రాసిన్నాడు నాను ఈ ఇంట్లోనే ఉన్నాను. పొయ్యి కాడ ఉన్నాను. కేకేస్తే పలికే దూరం. నా పేరెట్టి నా మాట రాసినాడు, నువ్వు అది నా మాటేనని పడ్డావు. అది నా మాటేనా అని ఒక కారడుముక్క రాసి అడగనేకపోనావా?

అడిగితే ఎండబెట్టీ అన్నా అనేదాన్ననుకుంటన్నావేమో. అననేను. ముందు ఏడిచేదాన్ని. తరవాత నీతో దెబ్బలాడేదాన్ని. నీ మడి ఎగువనున్నాదని మీ బావ కంటే గట్టిగా అనేదాన్ని. అసిరమ్మ మడి కూడా ఎండుతాదని నువ్వు సెప్తే అప్పుడు ఏటందునో, సరే అందునో అననో నాకే తెలీదు. ఇంకెప్పటికీ తెలీదు. మడి ఎండిపోనాది, నా మాట నా నోట్లోనే ఉండిపోనాది. నీళ్ళెట్టనందుకు నాకు కోపం నేదు. దీనికున్నాది. సానా ఉన్నాది.

వాటా రైలుకెయ్యకు. నా వాటా నాను వచ్చి తీసుకుంటాను. కళ్ళం కాడ ఎండిన మళ్ళోళ్ళు దూరంగా నిలబడతన్నారని రాసినావు. ఎందుకు నిలబడాల? నాను కుప్ప ముందర కూకుంటాను. అసిరమ్మని పక్కన కూకోబెట్టుకుంటాను. ఎవల మడి ఎండిపోనాదో ఆలే ముందు మాటాడాల. తాత తరవాత మాటాడతాడు, నువ్వు ఆ తరవాత. చినబాబు ఏటంటాడో నా మొకం సూసి అనమను.

సోమవారం పొద్దుటి రైలుకి ఎక్కి ఆమదాలవలసలో దిగి బస్సులో వస్తాను. పాతపట్నంలో బస్సు ఆగేకాడికి బండి తోలించు. నాను వచ్చిందాకా కొలత మొదలెట్టకండి.

మీ బావ నానూ వస్తానంటన్నాడు. ఆలోసించి సెప్తానన్నాను.

తవిటమ్మ.